సరుకు మోసిన జీపుకూ చోటివ్వండి

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ మంత్రి శ్రీ నితిన్ గడ్కరీ గారికి,
బళ్లారి జిల్లా కురుగోడు నుంచి ఒక రైతు నమస్కరించి రాస్తున్న బహిరంగ లేఖ.

అయ్యా,

నా దగ్గరున్న పాత మహీంద్రా పికప్పును అమ్మకానికి పెట్టాను. మోడల్ ఎఫ్‌సీ-150, రిజిస్ట్రేషన్ 1969. సగం బాగు చేయించిన బండి, కొన్ని మార్పులు జరిగిన బండి. కొనేవారు దొరికారు, ధర ఇద్దరికీ నచ్చింది. అయినా అమ్మకం ముందుకు సాగడం లేదు. మీ శాఖ 2021 జులైలో తెచ్చిన వింటేజ్ వాహనాల నియమాల్లో ఈ బండికి చోటు లేకపోవడమే కారణం. ఆ చోటు ఎందుకు ఉండాలో చెప్పడానికే ఈ లేఖ.

ముందు బండి సంగతి చెప్పనివ్వండి. దాని పుట్టుపూర్వోత్తరాలు తెలియకపోతే నా మాట పాత ఇనుము మీద మమకారంలాగే వినిపిస్తుంది.

ఈ రకం జీపును అమెరికాలో విల్లీస్ కంపెనీ 1956 చివర్లో బయటికి తెచ్చింది. దాని రూపం గీసింది బ్రూక్స్ స్టీవెన్స్. చిన్న జీపు పొడవులోనే ఎక్కువ సరుకు పట్టాలి, అదీ అవసరం. అందుకని బానెట్ తీసేసి డ్రైవరును ఇంజిన్ పక్కన, ముందు చక్రాల మీద కూర్చోబెట్టారు. వెనక మిగిలిన జాగా అంతా తొట్టికి వదిలారు. ముందు వెనక చక్రాల మధ్య దూరం 81 అంగుళాలే, సీజే-5 జీపుకు ఉన్నంతే. 1940ల చివర్లో బొంబాయిలో విల్లీస్ జీపులు కూర్చడంతో మొదలైన మహీంద్రా, 1960ల్లో ఈ ఎఫ్‌సీని కూడా ఇక్కడ తయారు చేసింది. ఇంజిన్ అప్పటి సీజే-3బి జీపులో ఉన్నదే. హరికేన్ అంటారు. నాలుగు సిలిండర్లు, 2.2 లీటర్లు, పెట్రోలు. గాలి లోపలికి తీసుకునే వాల్వులు హెడ్‌లో ఉంటాయి, పొగ వదిలేవి బ్లాకులో ఉంటాయి. ఇప్పటి మెకానిక్కులకు ఈ అమరిక చూపిస్తే ఆశ్చర్యపోతారు.

ఇలాంటి బండి కురుగోడుకు ఎందుకు వచ్చిందంటే తుంగభద్ర వల్ల. 1953లో ఆనకట్ట నుంచి కాలువలకు నీళ్లు వదిలాక కోస్తా జిల్లాల నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు కంప్లి, సిరుగుప్ప, గంగావతి వైపు తరలి వచ్చాయి. వాళ్లు వేసుకున్న ఊళ్ల పేర్ల చివర ఇవాళ్టికీ 'క్యాంపు' అనే ఉంటుంది. మా తాత అలా వచ్చినవాడే. వరి, పత్తి, మిరప. నేల నల్లరేగడి, వాన పడిందంటే ఎద్దుల బండి ఇరుసు దాకా దిగబడుతుంది. నాలుగు చక్రాలూ లాగే పికప్పు ఒకటుంటే ఆ బురదలో చేనిగట్టు దాకా పోయి బస్తాలు ఎత్తుకురావచ్చు. 1970ల చివర్లో ఒక ప్రభుత్వ శాఖ పాత బండ్లను వేలం వేసినప్పుడు మా నాన్న దీన్ని పాడుకున్నారు. ఆదోని మార్కెట్‌కు పత్తి, బ్యాడగికి మిరప, పొలానికి ఎరువు, రాత్రిపూట కాన్పు నొప్పులు పడే ఆడవాళ్లను బళ్లారి ఆసుపత్రికి, దొడ్డ బసవేశ్వర స్వామి జాతరకు నీళ్ల డ్రమ్ములు. ఇవన్నీ మోసింది ఇదే.

ఇప్పుడు మార్పుల సంగతి. నియమాల్లో బండి తట్టుకుని పడేది ఇక్కడే.

1973లోను, మళ్లీ 1979లోను ప్రపంచమంతా చమురు ధరలు పెరిగాయి. పెట్రోలు పోసి మిరప బస్తాలు మోస్తే బాడుగ గిట్టలేదు. మరోపక్క మహీంద్రా 1963లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి ట్రాక్టర్ల వ్యాపారంలోకి వచ్చింది. ఆ కలయికలో వచ్చిన బి-275 ట్రాక్టరు ఇంజిన్ ఆధారంగానే తన జీపులకు డీజిల్ ఇంజిన్ చేసుకుంది. ట్రాక్టరు విప్పి బిగించగల ప్రతి మేస్త్రీకీ ఆ ఇంజిన్ కొట్టినపిండి. సామాను ఏ ట్రాక్టరు షాపులో అడిగినా దొరికేది. 1980ల మొదట్లో మా నాన్న పెట్రోలు ఇంజిన్ దించి ఆ డీజిల్ ఇంజిన్ ఎక్కించారు. ఆనాటి 1939 మోటారు వాహనాల చట్టంలో ఇలాంటి మార్పును అధికారికి తెలిపి ఆర్‌సీలో రాయించుకునే వీలుంది. మా ఆర్‌సీ బుక్కులో కొత్త ఇంజిన్ నంబరు, డీజిల్ అన్న మాట, వాటి పక్కన ముద్ర, సంతకం ఉన్నాయి. పత్తి బుట్టలు ఎక్కువ పట్టాలని తొట్టి పక్కరేకులు ఎత్తు పెంచారు. ఆరు వోల్టుల కరెంటును పన్నెండుకు మార్చి, డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టారు. దించిన హరికేన్ ఇంజిన్‌ను నాన్న అమ్మలేదు. గ్రీజు పూసి గోనెపట్టా చుట్టి ధాన్యపు కొట్టంలో పెట్టారు. అది ఇంకా ఉంది. బండితోపాటే ఇస్తాను.

నా చేతికి వచ్చాక నేను చేయించింది బాగుచేత మాత్రమే. ఛాసిస్ మొత్తం గీకించి, తుప్పు పోగొట్టి రంగు వేయించాను. కమాన్ కట్టలు విప్పి విరిగిన పట్టీలు మార్పించాను. నాలుగు చక్రాల బ్రేకు డ్రమ్ములు లేత్ మీద పట్టించి, వీల్ సిలిండర్లు కొత్తవి వేయించాను. వైరింగ్ అంతా కొత్తది. క్యాబిన్ అడుగున తిన్న రేకు కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాను. డోర్లు, పైకప్పు, సీట్లు, పెయింటింగ్ మిగిలాయి. ఫోర్ వీల్ లివరు పడుతుంది, లో గేరు పడుతుంది. స్టీరింగ్ బరువు, ఈ బండి పుట్టుకతోనే అంత. ఈ ఏడాదికి ఫిట్‌నెస్ ఉంది. అడిగిన ప్రతివారికీ ఇదే చెబుతున్నాను, కాగితం మీద రాసి కూడా ఇస్తున్నాను.

ఇక మీ నియమాలు. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 81ఎ నుంచి చేర్చినవి. అవి వచ్చిన రోజు నేను సంతోషించాను. అంతవరకు పాత బండ్లకు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరు ఉండేది. మీరు దేశమంతటికీ ఒకటే పద్ధతి పెట్టారు. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటాలి. రాష్ట్రంలో ఒక నోడల్ అధికారి, బండిని పరీక్షించడానికి ఒక కమిటీ ఉండాలి. కొత్తగా రిజిస్టర్ చేయించుకుంటే రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు, ఆ తర్వాత పునరుద్ధరణకు 5,000. నంబరులో వింటేజ్ అని తెలిపే వీఏ అక్షరాలు. ఇదివరకే రిజిస్టరై ఉంటే పాత నంబరునే ఉంచుకోవచ్చు. రోజువారీ రాకపోకలకు, వ్యాపారానికి వాడకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, పరిశోధనకు, మరమ్మతుకు, ఇంధనం పోయించుకోవడానికి మాత్రమే రోడ్డెక్కాలి. వీటిలో ఒక్కదానితోనూ నాకు పేచీ లేదు.

పేచీ రెండు చోట్ల. నియమం వర్తించేది ఎల్1, ఎల్2, ఎం1 తరగతులకే, అంటే ద్విచక్ర వాహనాలకు, మనుషులు ఎక్కే కార్లకు. సరుకు మోసే చిన్న బండ్ల తరగతి ఎన్1 అందులో లేదు. రెండోది, బండి తొలి రూపంలోనే ఉండాలి, ఛాసిస్‌లో గాని బాడీలో గాని ఇంజిన్‌లో గాని పెద్ద మార్పు జరిగి ఉండకూడదు.

మొదటిదాని ఫలితం ఎలా ఉందో చూడండి. 1969లో అదే కంపెనీ నుంచి, అదే హరికేన్ ఇంజిన్‌తో ఒక సీజే-3బి జీపు, ఒక ఎఫ్‌సీ పికప్పు బయటికి వచ్చాయనుకుందాం. జీపులో సీట్లున్నాయి కాబట్టి అది దేశ వారసత్వం కాగలదు. పికప్పుకు తొట్టి ఉంది కాబట్టి ఎన్నటికీ కాలేదు. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం రోల్స్ రాయిస్‌ను అద్దంలా ఉంచారు, అలా ఉంచాల్సిందే. కాని తుంగభద్ర కింద ఇన్ని వేల ఎకరాలు పచ్చబడిన కాలాన్ని మా మనవలు చూడాలంటే ఏ కారు చూపించాలి? ఆ పని చేసింది ట్రాక్టర్లు, ట్రాలీలు, ఇలాంటి పికప్పులే.

వింటేజ్ గుర్తింపు లేకపోతే ఏమిటి నష్టం అని మీ అధికారులు అడగవచ్చు. చట్టం దృష్టిలో ఇది సరుకు రవాణా వాహనం. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ప్రతి ఏడాదీ ఫిట్‌నెస్ తప్పనిసరి. బాడుగకు తిరిగే బండికి అది న్యాయమే. ఏడాదికి నాలుగైదుసార్లు షెడ్డులోంచి బయటికి వచ్చే బండిని, బతుకుతెరువు కోసం రోజూ తిరిగే బండితో సమానంగా చూస్తే దాన్ని ఉంచుకునేవాడు ఎన్నాళ్లని ఓపిక పడతాడు?

మా విషయంలో సరిహద్దు కూడా అడ్డం వచ్చింది. కొంటున్న పెద్దమనిషిది రాయదుర్గం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మా బళ్లారి జిల్లాలోంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయాయి. చుట్టరికాలు, సంతలు, పొలాలు ఇప్పటికీ రెండు వైపులా ఉన్నాయి. మాకు అది పక్క ఊరు, కాగితాలకు పక్క రాష్ట్రం. ఫారం 28తో నిరభ్యంతర పత్రం, యాజమాన్య బదిలీకి ఫారం 29, ఫారం 30, నలభై ఐదు రోజుల గడువు. తర్వాత అక్కడ పన్ను, కొత్త నంబరు. మైసూరు రాష్ట్రం కర్ణాటకగా పేరు మారింది 1973లో. ఈ బండి నంబరు అంతకు ముందుది, 'ఎంవై' అక్షరాలతో మొదలవుతుంది. మామూలు బదిలీలో ఆ నంబరు పోతుంది. ఆయన కొంటున్నది పొలం పనికి కాదు. హరికేన్ ఇంజిన్ తిరిగి ఎక్కించి, మిగిలిన పని పూర్తిచేసి, పాత నంబరుతో పదిలంగా ఉంచుకోవాలన్నది ఆయన కోరిక.

ఆ కోరికకు కూడా చట్టం అడ్డుపడుతుంది. ఇప్పటి మోటారు వాహనాల చట్టంలో 2000లో సవరించిన 52వ సెక్షను ప్రకారం తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మా ఆర్‌సీలో ఇప్పుడు ఉన్నది డీజిల్. కంపెనీ మొదట పెట్టిన పెట్రోలు ఇంజిన్‌నే తిరిగి ఎక్కించినా అది ఆర్‌సీకి విరుద్ధమైన మార్పు కింద లెక్కకొచ్చే ప్రమాదం ఉంది. డీజిల్‌తో ఉంచితే తొలి రూపం కాదు, పెట్రోలుకు మారిస్తే అనుమతి లేని మార్పు. నిజాయితీగా అమ్మాలనుకునేవాడు, నిజాయితీగా కొనాలనుకునేవాడు ఏ కిటికీ దగ్గర నిలబడాలి?

సుప్రీంకోర్టు తీర్పు సరైనదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. ఛాసిస్ కోసి అతికించి, అడుగు ఎత్తున టైర్లు పెంచి, కళ్లు చెదిరే లైట్లు బిగించి రోడ్డు మీద తిరిగే బండ్లు పక్కవాడి ప్రాణం తీస్తాయి. వాటికి తలుపు తెరవమని నేను అడగడం లేదు. నలభై ఏళ్ల కిందట, అప్పటి చట్టానికి లోబడి, ఆర్‌సీలో ముద్ర వేయించుకుని చేసిన మార్పును వీటి గాటన కట్టవద్దని అడుగుతున్నాను. పని బండి మారకుండా ఉండదు. పని మారితే తొట్టి మారుతుంది, చమురు ధర పెరిగితే ఇంజిన్ మారుతుంది. షెడ్డు దాటని కారుకే తొలి రూపం మిగులుతుంది. మా బండిలో డీజిల్ ఇంజిన్ కూడా దాని చరిత్రలో భాగమే. 1980ల్లో సరిహద్దు రైతు ఎలా నెగ్గుకొచ్చాడో ఆ ఇంజిన్ చెబుతుంది.

ఈ దారి కొత్తదేం కాదు. జర్మనీలో 1997 నుంచి ముప్పై ఏళ్లు దాటిన వాహనాలకు 'హెచ్' అక్షరంతో నంబరు ఇస్తున్నారు. సరుకు లారీలకు కూడా ఇస్తున్నారు. బండి మొదటి పదేళ్లలో జరిగిన మార్పులను, ఆ కాలంలో వాడుకలో ఉన్న మార్పులను ఒప్పుకుంటారు. బ్రిటన్‌లో చాలాకాలం పాయింట్ల లెక్క నడిచింది. అసలు ఛాసిస్‌కు 5, సస్పెన్షన్, ఇరుసులు, గేర్‌బాక్సు, స్టీరింగ్‌లకు రెండేసి, ఇంజిన్‌కు 1. ఛాసిస్ పాయింట్లతో కలిపి ఎనిమిది వస్తే పాత నంబరు నిలిచేది. ఇంజిన్‌కు ఒక్కటే పాయింటు ఎందుకు ఇచ్చారో బండ్లు ఎరిగినవారికి చెప్పనక్కర లేదు. బండికి వెన్నెముక ఛాసిస్. ఇంజిన్ అరిగేది, మారేది. ఆ లెక్కన మా పికప్పు నిక్షేపంగా నెగ్గుతుంది. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా తన ట్యూరిన్ చార్టర్‌లో కార్లు, మోటారు సైకిళ్లతోపాటు పని వాహనాలను, ట్రైలర్లను కూడా వారసత్వంగానే చెప్పింది.

దారి మూసేస్తే ఏం జరుగుతోందో కూడా మీకు తెలియాలి. ప్రకటన పెట్టాక వచ్చినవారిలో గుజిరీ వ్యాపారులున్నారు, కిలో లెక్కన అడిగారు. అది వాళ్ల వ్యాపారం, తప్పు పట్టను. కొందరు మాత్రం, బండి మీరే ఉంచుకోండి, ఆర్‌సీ బుక్కు, నంబరు ప్లేటు, ఛాసిస్ నంబరు ఉన్న ముక్క ఇస్తే చాలు అన్నారు. ఎక్కడెక్కడి సామానుతోనో కూర్చిన బండికి పాత బండి పేరు తగిలించడానికి. నేను ఇవ్వలేదు. కాని ఎక్కువ డబ్బు ఇస్తామన్నది వాళ్లే. చట్టబద్ధంగా అమ్ముకునే మార్గం ఇరుకైన కొద్దీ ఈ దొంగదారికి ధర పెరుగుతుంది.

మరొక సంగతి. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ రద్దయి అవి తుక్కు కేంద్రాలకు పోతున్నాయి. పొగ, ప్రమాదాలు తగ్గాలంటే అది అవసరమేనని ఒప్పుకుంటాను. అయితే మా నాన్న పాడుకున్నటువంటి వేలాలు ఇక ఉండవు. శాఖల షెడ్లలో మూలన పడివున్న పాత పికప్పులు, అంబులెన్సులు, నీళ్ల ట్యాంకర్లు ఒకదాని వెంట ఒకటి కరిగిపోతాయి. కరిగించే ముందు ఒక్కో పాత మోడల్‌లో ఒక్కటైనా పక్కన పెట్టమని రాష్ట్రాలకు ఒక మాట చెప్పండి.

పాత యంత్రాలతోపాటు వాటిని ఎరిగిన చేతులు కూడా పోతున్నాయి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు మా ప్రాంతమంతా నిద్రపోలేదు. పోతున్న నీళ్లను ఆపడానికి గేట్ల పనిలో పండిపోయిన కన్నయ్య నాయుడు గారిని పిలిపించారు. ఆయన ఆధ్వర్యంలో స్టాప్‌లాగ్‌లు, అంటే తాత్కాలిక గేటు పలకలు, దించాక ఊపిరి పీల్చుకున్నాం. ఏడు పదుల నాటి యంత్రాన్ని అర్థం చేసుకునే మనిషి విలువ మాకు ఆ వారం తెలిసివచ్చింది. బళ్లారిలో నా బండికి బ్రేకులు చేసిన మేస్త్రీ ఇద్దరు కుర్రాళ్లకు పని నేర్పాడు. నేర్పడానికి ఇలాంటి బండి ఒకటి ముందు ఉండాలి కదా.

అందుకే అడుగుతున్నాను. 81ఎ నియమంలో ఎం1 పక్కన ఎన్1 కూడా చేర్చండి. 3.5 టన్నుల లోపు సరుకు బండ్లు మాత్రమే, వ్యాపారానికి వాడకూడదన్న షరతుతోనే. ఆర్‌సీలో నమోదైన పాత మార్పులు, ఆ కాలానికి తగినవేనని రాష్ట్ర కమిటీ పరీక్షించి తేలిస్తే వాటిని ఒప్పుకోండి. కమిటీ మీరే పెట్టించారు, ఆ తీర్పు చెప్పగల నిపుణులు అందులో ఉండాలి. తొలి రూపానికి తిరిగి తెచ్చుకోవాలనుకునేవారికి ముందుగా అనుమతి ఇచ్చే ఒక ఫారం పెట్టండి. సగంలో ఉన్న బండిని అమ్మేటప్పుడు ఏది అసలుది, ఏది మార్చినది, ఏ పని మిగిలింది అన్న వివరాల పత్రం ఒకటి అమ్మేవాడు సంతకం పెట్టి ఫారం 30తో జతచేసే పద్ధతి తెండి. కొనేవాడు మోసపోడు, అధికారికి బండి చరిత్ర ఒక్క చోట దొరుకుతుంది. రాష్ట్రం మారినా పాత నంబరు పోకుండా చూడండి.

బ్రేకు, స్టీరింగ్, లైట్లు, పొగ ఏ పరీక్ష పెట్టినా మాకు సమ్మతమే. మీరు సవరణ ముసాయిదా వెలువరించిన వెంటనే ఆర్‌సీ బుక్కు నకలు, రెండు ఇంజిన్ల నంబర్లు, చేయించిన పనుల రశీదులు జతచేసి నా సూచనలు మీ శాఖకు పంపుతాను. కమిటీ చూడాలంటే పికప్పును బళ్లారికి నేనే నడుపుకుంటూ తెస్తాను. రాయదుర్గం పెద్దాయన బయానా ఇవ్వబోతే తీసుకోలేదు. నియమం తేలేదాకా వేరే ఎవరికీ అమ్మనని మాత్రం ఆయనకు మాట ఇచ్చాను.

ఇట్లు,
కురుగోడు తాలూకా రైతు,
బళ్లారి జిల్లా, కర్ణాటక